ఝట్కా మిషన్: సైరన్ మోగకపోతే కంచె బాగున్నట్టు కాదు

కంచె తీగల్లోకి షాక్ పంపే సోలార్ ఝట్కా మిషన్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ చిన్నది కాదు. దాని సైరన్ తీగకు మాత్రమే కాపలా కాస్తుంది, నేల సంగతి దానికి తెలీదు. వేసవిలో మా కోళ్ళు పోయింది నేల వల్లే.

మేముండేది బెంగళూరు పక్కన ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవికి దగ్గర. ఇంటి వెనక నాటుకోళ్ళు, కొన్ని గిరిరాజ కోళ్ళు. ప్యానెల్ గురించి, బ్యాటరీ గురించి చెప్పడానికేమీ లేదు, రెండూ బాగానే నడుస్తున్నాయి.

కొనేముందు అందరూ అడిగేది చిరుత గురించి, ఎలుగుబంటి గురించి. మా అత్తమ్మది కళ్యాణదుర్గం వైపు. ఎలుగు పేరెత్తితే ఇప్పటికీ భయపడుతుంది. నిజానికి మన ఎలుగుకు కావాల్సింది చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు. కోడి కోసం పనిగట్టుకుని రావడం దాని అలవాటు కాదు. అమెరికాలో కనిపించే నల్ల ఎలుగు వేరు. అది దాణా వాసన పట్టి వచ్చి, దాణాతో పాటు కోళ్ళనూ తినేస్తుంది. అందుకే అక్కడ పెరటి కోళ్ళకు విద్యుత్ కంచె వేసుకోమని గట్టిగా చెబుతారు. ఎలుగు ఒంటిమీది దట్టమైన బొచ్చులోంచి షాక్ సరిగా దిగదు, తడి ముక్కు తగిలితేనే దిగుతుంది. ఆ ముక్కు తగిలేలా తీగకు వేరుశనగ ముద్దో, మాంసం ముక్కో కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మా కంచె దాకా ఎలుగు ఎప్పుడూ రాలేదు కాబట్టి దాని మీద మిషన్ ఎలా పనిచేస్తుందో నేను చెప్పలేను.

చిరుత మాట వేరు. 2023లో బెంగళూరులోని కూడ్లు గేట్ దాకా వచ్చిన చిరుతను అందరూ చూశారు. మా ఊరి బండ్లదారిలో కూడా ఒకసారి దాని అడుగులు కనిపించాయి. అది మనిషి ఎత్తు కంచెను సులువుగా దూకేస్తుంది. అందుకే రాత్రి కోళ్ళను కాపాడేది తీగలు కాదు, పైకప్పున్న గూడు. దానికి కోడి జాలీ చాలదు, అది కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుందంతే, కుక్క గట్టిగా లాగితే చిరిగిపోతుంది. వెల్డ్ మెష్, అంటే కడ్డీలు అతికించిన గట్టి ఇనుప జాలీ, వేయాలి. గూడు చుట్టూ అడుగు వెడల్పున నేలలో కూడా పరిస్తే తవ్వి లోపలికి దూరలేవు.

మిగిలింది పగలు, సందె వేళ. ఆ వేళల్లో మాకు అసలు శత్రువు వీధికుక్కలే. మొదటి వర్షాకాలం మిషన్ పనితనం చూసి మురిసిపోయాను. నేల తడిగా ఉండేది. కుక్క ముక్కు పెట్టిందంటే ఒక్క అరుపు, మళ్ళీ ఆ వైపు రాలేదు. అడిగినవాళ్ళందరికీ కొనమనే చెప్పాను. ఆ మాట ఇప్పుడూ అంటాను, కానీ వానాకాలం వరకే.

తర్వాత ఏప్రిల్ వచ్చింది. మామిడి జల్లులు ఇంకా పడలేదు, ఎర్రమట్టి రాయిలా అయింది. సందె వేళ, కోళ్ళను ఇంకా గూట్లోకి తోలకముందే, కుక్కల గుంపు తీగల మధ్య నుంచి దూరి వచ్చింది. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి పెరడంతా ఈకలు. గంప కింద పొదుగుతున్న పెట్ట బతికింది. గుడ్లకొచ్చిన పెట్టలు చాలావరకు పోయాయి. మిషన్ లైటు మాత్రం ఎప్పటిలా వెలిగి ఆరుతోంది. టెస్టర్ పెడితే తీగలో 8,000 వోల్టుల పైనే చూపించింది.

"యాడ నుంచి దూరినాయమ్మా అవి? ఆ మిషను కుయ్యనే లేదే," అంది అత్తమ్మ. నా దగ్గర జవాబు లేదు.

జవాబు చెప్పింది పక్క తోట రైతు. "అక్కా, తీగలో పవర్ ఉంది. కుక్క కాళ్ళ కింద మట్టి ఎండిపోయింది కదా, ఇంక షాక్ ఎట్ల కొడుతుంది?" అన్నాడు. షాక్ కొట్టాలంటే కరెంటు తీగ నుంచి జంతువు ఒంట్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగి, నేలలో పాతిన ఎర్త్ రాడ్ అనే కడ్డీ ద్వారా మిషన్‌కు తిరిగి చేరాలి. ఎండిన మట్టి ఆ దారిని మూసేస్తుంది. అప్పుడు తీగ వోల్టేజి పడిపోదు సరికదా, నిండుగా కనిపిస్తుంది. సైరన్ చూసేది ఆ వోల్టేజినే. తీగ తెగినా, గడ్డి తగిలి వోల్టేజి దిగినా మోగుతుంది. అందుకే వానల్లో ఆముదం ఆకు తగిలిన రాత్రల్లా మమ్మల్ని నిద్రలేపిన సైరన్, కంచె నిజంగా పనిచేయని రోజున నోరు మెదపలేదు. అమ్మినవాళ్ళు ఈ ముక్క చెప్పలేదు, బిగించడానికి వచ్చినవాళ్ళు ఒకే ఒక్క రాడ్ పాతి వెళ్ళారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

రాడ్లు పెంచాం, ఒకదానికొకటి పది అడుగుల ఎడంగా. రోజూ వాటి మొదట్లో నీళ్ళు పోశాం. సగమే బాగైంది, ఎందుకంటే తడిసేది రాడ్ దగ్గర నేల మాత్రమే, కుక్క నిలబడే చోటు కాదు. అసలు మార్పు తీగల్లో వచ్చింది. ఇప్పుడు ఒక తీగకు పవర్, దాని పక్క తీగకు ఎర్త్, ఇలా ఒకటి విడిచి ఒకటి ఇచ్చాం. మధ్యలో దూరబోయే కుక్కకు రెండూ తగులుతాయి, నేల తడిసినా ఎండినా ఒకటే. తీగలు బిగుతుగా లాగి ఉంచాలి, వదులై రెండూ కలిశాయంటే సైరన్ మొదలవుతుంది. ఆ మోత మాత్రం నాకు ఇష్టమే.

ఎర్త్ సంగతి తేల్చుకోవడానికి పరీక్ష కూడా ఉంది. మిషన్ ఆపి, దానికి దూరంగా ఇనుప కడ్డీలు నేలలో గుచ్చి తీగకు ఆనించాలి. మిషన్ వేసి, తీగ వోల్టేజి 2,000 కిందికి దిగిందో లేదో చూడాలి, దిగకపోతే ఇంకో కడ్డీ. అప్పుడు ఎర్త్ రాడ్ మీద టెస్టర్ పెడితే 300 వోల్టులు దాటకూడదు. దాటిందంటే రాడ్లు చాలవు. మార్చి నుంచి వానలు పడేదాకా నేను సైరన్‌ను కాదు, ఈ పరీక్షనే నమ్ముతాను.

మిషన్ ఖరీదని ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇచ్చేవాళ్ళున్నారు. అది నేరం, మనుషుల ప్రాణాలు పోతాయి. చిరుత, ఎలుగు రెండూ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి. మిషన్ కొట్టే దెబ్బ సెకనుకొకటి, కనురెప్పపాటు కూడా ఉండదు. జంతువు బెదిరిపోతుంది గానీ చావదు.

మాకు బోరులో నీళ్ళున్నాయి, ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు, సందెకే గూడు మూస్తాం. ఈ మూడూ ఉన్నవాళ్ళు కొనొచ్చు, తీగలు ఒకటి విడిచి ఒకటి కట్టించుకునే పనైతేనే. 2024 వేసవిలో బెంగళూరు చుట్టూ బోర్లు ఎండినట్టు మళ్ళీ ఎండితే రాడ్లకు నీళ్ళు పోయడం మా వల్ల కూడా కాదు. పగలు ఇల్లు తాళం వేసి ఆఫీసుకు పోయేవాళ్ళయితే, ఈ డబ్బు ముందు వెల్డ్ మెష్ గూటికి పెట్టమంటాను.