మాసిక కనపడని బట్ట: మోడిస్ జీపీపీని ఏళ్ల తరబడి వాడాక

మొక్కలు కిరణజన్య సంయోగక్రియలో ఎంత కార్బన్ పట్టుకున్నాయో (అదే జీపీపీ), నాసా ఉపగ్రహం టెర్రా మీదున్న మోడిస్ పరికరం చూపుల నుంచి లెక్కగట్టే డేటా ఇది. ఇందులో ఖాళీలు ఉండవు. మోడిస్ జీపీపీని మెచ్చుకునేవాళ్లు మొదట చెప్పే మాట ఇదే, నిజమే కూడా. 2000 ఫిబ్రవరి నుంచి ఎనిమిది రోజులకో ఫైలు, ఏడాదికి 46, పైసా ఖర్చు లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ దాదాపు మొత్తం హెచ్25వీ07 అనే ఒక్క టైల్‌లో (ప్రపంచ పటాన్ని గళ్లుగా కోసిన ముక్కల్లో ఒకటి) ఇమిడిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గరికి వచ్చేసరికి మాత్రం టైల్ అంచు తగులుతుంది.

నా గొడవంతా ఆ ఖాళీలు లేకపోవడంతోనే.

ఇందులో రెండు రకాలున్నాయి. మాడ్17ఏ2హెచ్ సీజన్ నడుస్తుండగానే వస్తుంది. అదే పేరుకు జీఎఫ్ (గ్యాప్ ఫిల్డ్, అంటే ఖాళీలు పూరించినది) తగిలించినది ఏడాది ముగిశాక వస్తుంది. పొరల పేర్లు ఒకటే, గుణకం ఒకటే (0.0001), కొలమానం ఒకటే (చదరపు మీటరుకు ఇన్ని కిలోల కార్బన్). దాంతో చాలామంది రెంటినీ ఒకే వరుసలో అతికించేస్తారు. నిరుటి దాకా జీఎఫ్ సగటు, ఈ ఏటి జులై, ఆగస్టులకు మామూలు ఏ2హెచ్. పటం గీస్తే గోదావరి జిల్లాల నుంచి కరీంనగర్ దాకా ఎర్రగా వస్తుంది. కరవేమో అనిపిస్తుంది. పొలానికి వెళ్లి చూస్తే వరి పచ్చగానే ఉంటుంది.

తప్పు ఎఫ్‌పార్ దగ్గర ఉంది. మొక్కమీద పడిన కిరణజన్య కాంతిలో ఆకులు ఎంత వంతు పట్టుకున్నాయో చెప్పే సంఖ్య అది. మబ్బు పట్టిన వారాల్లో దాన్ని లెక్కించే ప్రధాన పద్ధతి పనిచేయక, దాని బదులు సరళమైన ప్రత్యామ్నాయ పద్ధతి నడుస్తుంది. మబ్బు మిగిలిన ఆ చూపులో ఎఫ్‌పార్ తరచూ తక్కువగా వస్తుంది. ఏ2హెచ్ ఆ సంఖ్యను ఉన్నదున్నట్టు వాడేస్తుంది. జీఎఫ్ మాత్రం ఏడాది చివర వెనక్కి తిరిగి చూసి, పనికిరాని ఎఫ్‌పార్‌ను తీసేసి, ముందూ వెనకా ఉన్న మంచి విలువల మధ్య సరళరేఖ గీసి, జీపీపీని మళ్లీ లెక్కిస్తుంది. అంటే పాత ఏళ్ల వానాకాలానికి మబ్బు తుడిచేశారు, ఈ ఏటిది అలాగే ఉంది. ఇక పోలిక ఎలా కుదురుతుంది? పోల్చాలంటే ఏ2హెచ్‌ను ఏ2హెచ్‌తోనే పోల్చాలి, లేదా జనవరి దాటేదాకా ఆగాలి.

మరి జీఎఫ్ ఒక్కటే వాడితే చిక్కు తీరుతుందా? కొంతే. ఒక ఉదాహరణ చూడండి. జులై 4 నాటి ఎఫ్‌పార్ 0.25. జులై 12 నుంచి ఆగస్టు 13 దాకా మొదలయ్యే అయిదు ఫైళ్లూ మబ్బుపాలు. మళ్లీ ఆగస్టు 21న మంచి విలువ, 0.75. మధ్యలో ఒక్కో ఫైలుకు 0.08 చొప్పున మెట్లు పడతాయి. ఆ ఏడు కాలువ నీళ్లు ఆలస్యమై నాట్లు జులై చివర పడ్డా, సకాలంలో జులై రెండో వారంలో పడ్డా గీత అదే. దమ్ము చేసి నీళ్లు నిలిచిన మడికి ఎఫ్‌పార్ అడుగున ఉండాల్సిన రోజుల్లో ఈ గీత మధ్యదాకా ఎక్కేసి ఉంటుంది. సీజన్ మొత్తం కార్బన్ కొంచెం అటూ ఇటూగా సరిపోతుంది కానీ, నాట్ల తేదీ కోసం వెతికేవాళ్లకు దొరికేది గీత గీసినవాడి తేదీ.

పైగా ఇది కంటికి పట్టదు. ఎఫ్‌పార్ గీతగా ఉన్నా సూర్యకాంతి, కనిష్ఠ ఉష్ణోగ్రత, గాలి పొడితనం మాత్రం ఏరోజుకారోజు అసలువే. అందుకని జీపీపీ గ్రాఫు వంకరటింకరగా, అచ్చం నిజమైన పరిశీలనలాగే కనిపిస్తుంది. మాసిక మీద పువ్వులు కుట్టినట్టు.

వార్షిక ఫైలు మాడ్17ఏ3హెచ్‌జీఎఫ్‌లో పూరింపు శాతం చెప్పే పొర ఒకటుంది. దాన్ని నమ్మి కూర్చోకండి. అది పెరుగుదల కాలంలోని రోజుల్లో ఎంత శాతం పూరించారో చెబుతుంది. ఆ కాలాన్ని తేల్చేది కనిష్ఠ ఉష్ణోగ్రత. పంటపొలాలకు ఆ హద్దు మైనస్ 8 డిగ్రీలు. మన దగ్గర ఏడాది పొడుగునా పెరుగుదల కాలమే కదా! పై ఉదాహరణలో పూరించిన 40 రోజులు 365లో 11 శాతం. చిన్న సంఖ్యే, కానీ ఆ 40 రోజులూ నాట్ల మీదే పడ్డాయి.

నేను చేసేది ఇది. ఎఫ్‌పార్ ఉండే ఫైలు మాడ్15ఏ2హెచ్‌లో అదే తేదీ నాణ్యత పొరను పక్కన తెచ్చుకుని, ఆ సంఖ్యను అయిదు బిట్లు కుడికి జరుపుతాను (అంటే 32తో భాగించి శేషం వదిలేయడమే). 0, 1 వస్తే ప్రధాన పద్ధతి (1 అంటే ఆకు దట్టమై సంతృప్తమైంది, వాడుకోవచ్చు). 2, 3 వస్తే ప్రత్యామ్నాయం, 4 అయితే విలువే లేదు. విడదీయకుండా చూసినా 105, 113 వరసగా కనపడుతుంటే అవి మబ్బు వారాలే అనుకోవచ్చు. వరుసగా మూడు ఫైళ్లు అలా పోతే ఆ పిక్సెల్‌కు నాట్ల తేదీ చెప్పను. సీజన్ మొత్తం మాత్రం చెబుతాను.

ఇంకో రెండు మాటలు. ఏటా 361వ రోజు ఫైలులో ఉండేది అయిదు రోజులే, లీపు ఏడాదైతే ఆరు. రోజు సగటు కోసం దాన్నీ ఎనిమిదితో భాగిస్తే డిసెంబరు చివర పంట కూలినట్టుంటుంది. 32761 నుంచి 32767 దాకా ఉన్నవి నీరు, ఊరు, బంజరు వంటి గుర్తులు, సగటులో కలపకూడదు.

పంటల సంగతీ చెప్పాలి. వరి, పత్తి, మొక్కజొన్న, పట్టుకున్న కాంతిని కార్బన్‌గా మార్చడంలో అన్నిటికీ ఒక్కటే గరిష్ఠ సామర్థ్యం: మెగాజౌలుకు 1.044 గ్రాముల కార్బన్. చదరపు మీటరుకు రోజుకు 20 మెగాజౌళ్ల ఎండ పడితే అందులో 9 కిరణజన్య కాంతి, ఎఫ్‌పార్ 0.8 అనుకుంటే పట్టుకున్నది 7.2. జీపీపీ 7.5 గ్రాములు దాటే దారే లేదు. నిండుగా పెరిగిన మొక్కజొన్నకు ఇది అన్యాయం. యాసంగిలో మరో తగ్గింపు: పగటి గాలి పొడితనం 650 పాస్కల్స్ దాటిన దగ్గర్నుంచి తగ్గించుకుంటూ 4300కి సున్నా చేస్తారు. 2500 ఉంటే మిగిలేది 0.49 వంతు. నేల తేమకు ఈ లెక్కలో చోటే లేదు కాబట్టి, బోరు కింద నీళ్లు నిలిచిన మార్చి వరికీ ఎండిన మెట్టకూ ఒకటే తగ్గింపు.

మొదట్లో ఏళ్ల తరబడి సాగిన ఏకరీతి వరుస అని నేనూ పొగిడాను. టెర్రా 2020 తర్వాత, భూమధ్యరేఖను ఉదయం 10:30కి దాటే సమయాన్ని నిలుపుకోవడం మానేసింది కనుక, ఈమధ్య ఏళ్ల చిన్న మార్పుల్ని ఇప్పుడు అనుమానంగా చూస్తున్నా.

నా పని జిల్లా స్థాయిలో ఏడాదికి ఏడాది పోలిక; దానికి జీఎఫ్‌ను వదులుకోను. సార్వా, దాళ్వా తేదీలే మీ పనైతే మబ్బు దాటి చూసే రాడార్ డేటా తోడు లేకుండా దిగకండి. మూడెకరాల రైతుకు కార్బన్ లెక్క కట్టాలనుకుంటే అసలు మొదలే పెట్టొద్దు: 500 మీటర్లని పిలిచే ఈ పిక్సెల్ నిజానికి 463 మీటర్లు, అంటే 53 ఎకరాలు.