రాత్రి ఆరు గంటలా, మూడున్నరా?

గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లూ, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, రాత్రి నిద్ర తగ్గించి పగలు కునుకులు తీస్తే చాలదా?" రెండు పద్ధతులూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఒకటి ఎవ్రీమ్యాన్. రాత్రి మూడున్నర గంటలు, పగలు 20 నిమిషాల చొప్పున మూడు కునుకులు. రెండోది మన తాతల పద్ధతే: రాత్రి ఆరు గంటలు, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక కునుకు. ఉబర్‌మ్యాన్ అని ఇంకోటుంది. నాలుగు గంటలకోసారి 20 నిమిషాలు, రోజంతా కలిపి రెండు గంటలు. దాని జోలికి పోకండి.

కాగితం మీద ఎవ్రీమ్యాన్ బాగానే ఉంటుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది కాబట్టి అది దక్కుతుందని లెక్క. కలల నిద్రకు మాత్రం కోత పడుతుంది, అది తెల్లవారుజామునే ఎక్కువ. నా లెక్క వేరు. కునుకు తప్పిన రోజు గతేమిటి?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గదిలో ఉంటూ 19 రోజులు ఎవ్రీమ్యాన్ పాటించాను. లైబ్రరీ బల్ల మీద తల వాల్చితే చాలు, నిద్ర సుఖమెరుగదు కదా. పన్నెండో రోజుకి అలవాటైపోయిందనుకున్నాను. పంతొమ్మిదో రోజు ఊళ్లో పెళ్లి. బస్సులో నిలబడ్డాను, చుట్టాల మధ్య రెండు కునుకులు పోయాయి. మర్నాడు మాక్ టెస్టులో 41వ జవాబు 42వ వరుసలో దిద్దాను. అక్కణ్నుంచి అన్నీ ఒక్కో వరుస కిందికి. చివర్న 150వ జవాబుకి చోటు లేకపోతే గానీ తెలియలేదు.

2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, రెండు వారాలు రోజుకు ఆరు గంటలో నాలుగు గంటలో పడుకున్నవాళ్ల చురుకుదనం బాగా పడిపోయింది. ఆ సంగతి వాళ్లకే సరిగ్గా తెలియలేదు. అంటే ఒట్టి ఆరు గంటలూ చాలవు, మధ్యాహ్నం కునుకు అందుకే.

పైగా ఆ కునుకుకి ఎవరూ అడ్డురారు. సాయంత్రం ఆరింటికి నడుం వాల్చితే మా అమ్మ "ఏట్రా, దీపాలేళ పడకేటి?" అంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వీధిలో సగం షట్టర్లు దించే ఉంటాయి, అమ్మే చాప పరుస్తుంది. రోజుకు నాలుగుసార్లు అరగంట చొప్పున పడుకున్న అమెరికా ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కూడా, తోటి వ్యాపారస్తుల వేళలతో కుదరకే మానేశాడట.

కునుకు 20 నిమిషాలైనా తీయండి, లేదా గంటన్నర. మధ్యలో, గాఢనిద్రలో లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. ఒకరోజు తప్పిందా, ఆ రాత్రి గంట ముందు పడుకోండి.

నైట్ షిఫ్టు వాళ్లకి ఈ రెండూ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. ఇంటికొచ్చాక కిటికీకి దుప్పటి కట్టి ఆరు గంటలు ఒకేసారి పడుకోండి, డ్యూటీకి వెళ్లేముందు గంటన్నర కునుకు తీయండి. ఫోన్ మాత్రం ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయండి.