యార్క్‌షైర్ పల్లె చర్చి రిజిస్టర్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మా ఆయనది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్. ఆయన పూర్వీకులు అందులోని ఈస్ట్ రైడింగ్ ప్రాంతంలో, వోల్డ్స్ అనే గుట్టల మధ్య పల్లెల్లో పొలం కూలీలు. ఆస్తిపాస్తుల్లేవు, ఉత్తరాల్లేవు, చెప్పుకునే కథలు కూడా మిగల్లేదు. పిల్లలు పుట్టాక అటువైపు వంశం సంగతి తెలుసుకోవాలనిపించి చర్చి రిజిస్టర్లు తిరగేయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ వదల్లేదు. ఇక్కడి కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చిన మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పేర్లూ తేదీలూ చాలనుకుంటే ఆన్‌లైన్ ఇండెక్స్ (రిజిస్టర్లలోంచి ఎక్కించిన పేర్ల జాబితా) సరిపోతుంది. ఆ ఇల్లు ఎలా గడిచిందో తెలియాలంటే మాత్రం అసలు పేజీ చూడాలి. అదీ మన మనిషి పేరున్న వరస ఒక్కటే చూసి ఊరుకోకుండా, పేజీ మొత్తం చదవాలి.

బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాసిపెట్టమని 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ చర్చిలకు ఉత్తర్వు ఇచ్చాడు. 1837 జులైలో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా సామాన్యుల గురించి తెలుసుకోవడానికి ముఖ్యమైన ఆధారం ఇదే. కాకపోతే పాతవి చాలావరకు పొడిపొడిగా ఉంటాయి. ఫలానావాడి కొడుకు ఫలానా, తేదీ, అంతే. చాలాచోట్ల తల్లి పేరు కూడా రాయలేదు.

యార్క్‌షైర్‌వాళ్లది ఇక్కడే అదృష్టం. విలియం డేడ్ అనే చర్చి గురువు 1770లలో యార్క్‌లో ఒక కొత్త పద్ధతి పెట్టాడు. వెనకటి పద్ధతి కంటే ఇది తర్వాతి తరాల పరిశోధకులకు బాగా ఉపయోగపడుతుందని ఆయన అప్పుడే ఊహించాడు. 1777లో యార్క్ ఆర్చిబిషప్ మార్కమ్ దాన్ని తన డయోసిస్ (ఆయన అధికారం కింది చర్చిల ప్రాంతం) అంతటా అమలు చేయమన్నాడు. ఆ పద్ధతిలో రాసిన పేజీ మొదటిసారి తెరిచినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఒక కూలివాడి బిడ్డకు పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ వేరువేరుగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఎన్నో కూతురో ఉంది. తండ్రి పని, తండ్రి తండ్రి పేరు, ఆయన ఊరు, తల్లి పుట్టింటివారి వివరాలు, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. మా నానమ్మ ఏ తారీఖున పుట్టిందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకే ఆ వరస నాకు అంత విలువగా అనిపించింది.

ఆ పద్ధతిలో రాసిన భూస్థాపనల పేజీల్లో వయసుతో పాటు చనిపోయిన కారణం కూడా ఉంటుంది. మావాళ్ల ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకే వారంలో పోయారు, ఇద్దరికీ మశూచి అని రాసుంది. అదే పేజీలో పైనా కిందా పక్కిళ్ల పిల్లలకూ అదే కారణం. పేరు కొట్టి వెతికితే ఇద్దరు పిల్లలు పోయారని తెలుస్తుంది. పేజీ చదివితే ఆ నెలలో ఊరు ఊరంతా ఏమైందో తెలుస్తుంది. తర్వాత పుట్టిన ఆడపిల్లకు పోయిన పిల్ల పేరే పెట్టారు. ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

పెళ్లిళ్ల రిజిస్టరు మరో రకంగా ఉపయోగపడింది. 1754 నుంచి వధూవరులు, సాక్షులు సంతకం పెట్టాలి. చదువు రానివాళ్లు X గీసేవారు. మావాళ్లలో పెళ్లికొడుకు X గీశాడు, పెళ్లికూతురు మాత్రం వంకరటింకరగానైనా తన పేరు తానే రాసుకుంది. పెళ్లి తేదీ నవంబరు చివర. ఆ పేజీలో మిగతా పెళ్లిళ్లు కూడా ఆ రోజుల చుట్టూనే ఉన్నాయి. అక్కడ పొలం పనివాళ్లు రైతు ఇంట్లోనే ఉండి ఏడాది పొడవునా పనిచేసేవారు. నవంబరులో మార్టిన్‌మస్ పండగకు జీతం చేతికొచ్చేది, అప్పుడే పాత కొలువు అయిపోయి కొత్త కొలువు మొదలయ్యేది. చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడే పెళ్లి!

ఇక లోపాల సంగతి. డేడ్ పద్ధతిని అందరూ పాటించలేదు. శ్రమ ఎక్కువని కొందరు గురువులు మధ్యలో వదిలేశారు, పక్క ఊరికి వెళితే మళ్లీ పొడి మాటలే. 1813 నుంచి దేశమంతటికీ ఒకే అచ్చు ఫారం వచ్చింది. అందులో తండ్రి పని, నివాసం ఉన్నాయి గానీ తాతలూ లేరు, తల్లి పుట్టింటి పేరూ లేదు. ఒక మంచి పద్ధతి అలా ఆగిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆన్‌లైన్ ఇండెక్సులతో జాగ్రత్త. నేను చందా కట్టిన ఒక సైట్‌లో మావాళ్ల ఇంటిపేరు మొదటి అక్షరమే తప్పుగా ఎక్కించారు, ఎంత వెతికినా దొరకలేదు. ఊరి రిజిస్టరు పేజీ తర్వాత పేజీ తిప్పుకుంటూ వెళితే దొరికింది. 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదని కూడా గుర్తుంచుకోండి, లేకపోతే జనవరి, ఫిబ్రవరి తేదీలు ఏడాది అటూఇటూ అవుతాయి.

ఖర్చు విషయానికొస్తే ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ అనే సైట్లు ఉచితం. చందా సైట్లు ఇక్కడి చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కూర్చుని ఊరికే చూసుకోవచ్చు. నా సలహా, డబ్బు కట్టే ముందు ఊరి లైబ్రరీలో అడగండి. రిజిస్టరు పేజీ చెమ్మకు పాడైపోయి ఉంటే టెన్షన్ పడకండి. ఏటా బిషప్‌కు ఒక నకలు పంపేవారు. యార్క్ డయోసిస్ నకళ్లు యార్క్ యూనివర్సిటీలోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మావాళ్ల పెద్దకొడుకు బాప్తిస్మం నాకు దొరికింది ఆ నకల్లోనే.