సంపు దగ్గర్నుంచి సర్వర్‌కి: మూడేళ్ల వాడకం తర్వాత కర్ల్

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సంపు నీటిమట్టం, వచ్చిన ట్యాంకర్ల లెక్క ఐదు నిమిషాలకోసారి సర్వర్‌కి పంపాలి. అందుకు ఒక రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్, వేళకి పని నడిపే క్రాన్‌లో షెల్ స్క్రిప్టు, అందులో కర్ల్, అంటే కమాండ్ లైన్ నుంచి సర్వర్‌కి డేటా పంపే ప్రోగ్రామ్. మూడేళ్లలో కర్ల్ క్రాష్ అయింది లేదు. తంటా అంతా డిఫాల్ట్‌లతోనే.

సర్వర్ 500 (నా వైపు తప్పు జరిగింది) అని జవాబిచ్చినా కర్ల్ ఎగ్జిట్ కోడ్, అంటే ముగిశాక స్క్రిప్టుకి చెప్పే ఫలితం, సున్నాయే (అంతా సవ్యం). ఏదో ఒక జవాబు వచ్చింది కాబట్టి దాని లెక్కలో పని అయిపోయినట్టే. లాగ్‌లో రోజంతా ‘పంపాను’ అనే ఉంటుంది, డేటాబేస్‌లో ఒక్క రో ఉండదు. చిన్న ఎఫ్ ఆప్షన్ పెడితే సర్వర్ నుంచి 400, ఆపైన ఏ కోడ్ వచ్చినా ఎగ్జిట్ కోడ్ 22తో బయటికొస్తుంది, కానీ సర్వర్ చెప్పిన కారణాన్ని మింగేస్తుంది. ఆ కారణాన్నీ చూపే ‘ఫెయిల్ విత్ బాడీ’ ఆప్షన్ మేలు, కర్ల్ వెర్షన్ 7.76 నుంచి ఉంది.

ఎక్కువ మంది దెబ్బతినేది డేటా పంపే మైనస్ డి ఆప్షన్ దగ్గర. అది ఇచ్చింది ఇచ్చినట్టే పంపుతుంది, ఎన్‌కోడ్ చేయదు, అంటే ప్రత్యేక గుర్తుల్ని % కోడ్‌లుగా మార్చదు. ట్యాంకర్ డ్రైవర్ నంబరు +91తో మొదలైతే ప్లస్ కాస్తా స్పేస్ అవుతుంది. అడ్రసులో ‘ప్లాట్ 12 & 13’ ఉంటే & దగ్గర తెగి, 13 ఇంకో ఫీల్డు పేరైపోతుంది. దీనికి ‘డేటా యూఆర్ఎల్ ఎన్‌కోడ్’ ఆప్షన్ ఉంది. తెలుగు ఎంత ఉబ్బుతుందో కూడా చూసుకోండి: ‘హైదరాబాద్’ 9 యూనికోడ్ కోడ్ పాయింట్లు, అంటే 27 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యేసరికి 81 అక్షరాలు. మైనస్ డికి @ పెట్టి సీఎస్‌వీ ఫైలు ఇస్తే లైన్ బ్రేకులన్నీ ఎగిరిపోయి మొత్తం ఒకే వరుసగా వెళ్తుంది. ఫైళ్లకు ‘డేటా బైనరీ’ వాడాలి.

డేటాను జేసన్ ఫార్మాట్‌లో పంపే జేసన్ ఆప్షన్ హాయిగా ఉంటుంది, కానీ 7.82లో వచ్చింది. ఉబుంటు 22.04లో ఉన్నది 7.81, సరిగ్గా ఒక్క మెట్టు కింద! అక్కడ డేటా ఏ రకమో చెప్పే కంటెంట్ టైప్ హెడర్ చేత్తో రాయాల్సిందే. మరిచిపోతే ఫారం డేటా అనే ముద్రతో వెళ్తుంది.

సర్వర్ అడ్రసు హెచ్‌టీటీపీతో రాస్తే అది 301 (హెచ్‌టీటీపీఎస్ అడ్రసుకి వెళ్లు) అంటుంది. 301 అనేది 400 లోపే కాబట్టి చిన్న ఎఫ్‌కి కూడా దొరకదు. కొత్త అడ్రసుకి తనే వెళ్లే పెద్ద ఎల్ ఆప్షన్ పెడితే ఇంకా ఘోరం: పోస్ట్ (పంపడం) కాస్తా గెట్ (అడగడం) అయి, డేటా జారిపోయి, 200 (సరే) వచ్చేస్తుంది. మొదటే హెచ్‌టీటీపీఎస్ రాసేయండి.

కనెక్ట్ అవడానికి కర్ల్ ఎదురుచూసే డిఫాల్ట్ గడువు 300 సెకన్లు. క్రాన్ గడువూ అంతే కదా, నెట్ మొరాయిస్తే పాత రన్ మీద కొత్త రన్ ఎక్కుతుంది. కనెక్ట్ అయ్యాక సర్వర్ మూగబోతే మొత్తం సమయానికి అసలు హద్దే లేదు. కనెక్ట్ టైమవుట్ 5, మ్యాక్స్ టైమ్ 20 పెట్టి, స్క్రిప్టును ఎఫ్‌లాక్‌లో (ఒకసారికి ఒకే రన్ నడవనిచ్చే కమాండ్) నడపండి. పైథాన్‌లో ఇదే పనిచేసే రిక్వెస్ట్స్ లైబ్రరీకి మారినా ఈ బాధ తప్పదు, దానికీ డిఫాల్ట్ టైమవుట్ లేదు.

ఎగ్జిట్ కోడ్ 28 (గడువు దాటింది) వచ్చిందంటే డేటా చేరలేదని ఖాయం కాదు, చేరినా జవాబు రాకపోయి ఉండొచ్చు. గుడ్డిగా రీట్రై చేస్తే ఒకే ట్యాంకర్ రెండుసార్లు లెక్కలోకెక్కుతుంది. ప్రతి రీడింగ్‌కీ ఒక ఐడీ ఇచ్చి, ముందు ఫైల్లో రాసి, సర్వర్ సరేనన్నాకే తీసేయాలి.

రాస్ప్‌బెర్రీ పై చాలాకాలం ఆఫ్‌లో ఉండి లేచాక ఎగ్జిట్ కోడ్ 60 (సర్వర్ సర్టిఫికెట్‌ని నమ్మలేను) వస్తే చాలామంది ఆ తనిఖీనే ఆపేసే మైనస్ కె పెట్టేస్తారు. పెట్టకండి, ముందు తేదీ చూడండి. పై 4లో బ్యాటరీ గడియారం లేదు, టైమ్ సింక్ అయ్యేదాకా పాత తేదీలోనే ఉంటుంది, ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా మొదలుకానట్టు కనిపించొచ్చు.