ఆయిల్ పట్టిన క్లచ్: కడిగి వాడాలా, కొత్త ప్లేట్ వేయాలా?

గేర్‌బాక్స్ దించాక క్లచ్ ప్లేట్ లైనింగ్ (రాపిడి పొర) నల్లగా, జిగటగా కనిపిస్తే ముందు ప్లేట్ ఏ రకమో చూడాలి. ఆర్గానిక్ లైనింగ్ (పీచు, రెసిన్ కలిపి చేసినది) అయితే ఆయిల్ లోపలిదాకా ఇంకిపోతుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిస్తే పైకి శుభ్రంగానే ఉంటుంది. కానీ ఆగిన బండిని నాలుగుసార్లు గట్టిగా ఉరికిస్తే, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకొస్తుంది. ఆర్‌పీఎం ఎగురుతుంది, కారు మాత్రం కదలదు, లేదంటే బండి వదిలేటప్పుడు వణుకు. టార్క్ ఎక్కువున్న ఇంజిన్‌లో ఈ జారుడుకు ఫ్లైవీల్ (క్లచ్ ప్లేట్ ఆనుకునే ఇంజిన్ చక్రం) కూడా కాలి నీలం మచ్చలు పడతాయి.

సింటర్డ్ మెటల్ (లోహపు పొడిని వేడితో గట్టిపరిచిన) ప్లేట్ వేడిని బాగా తట్టుకుంటుంది కాబట్టి, ఆయిల్ పైపైన తగిలి ఉంటే కడిగి చూడొచ్చు. మిగిలిన ఆయిల్‌ను కాల్చేద్దామని క్లీనర్ తడి ఆరకుండా మంట చూపించడం మాత్రం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

కొత్త ప్లేట్‌కు డబ్బు ఎక్కువే. అయినా మళ్లీ గేర్‌బాక్స్ దించే పని తలచుకుంటే ఆర్గానిక్ ప్లేట్ విషయంలో నా ఓటు కొత్త ప్లేట్‌కే. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమేది) లోహమే కాబట్టి, కాలిన మచ్చలు, పగుళ్లు లేకపోతే కడిగి వాడుకోవచ్చు. ఏది ఎంచుకున్నా, ముందు రియర్ మెయిన్ సీలో (ఇంజిన్ వెనక ఆయిల్ ఆపేది), ఇన్‌పుట్ షాఫ్ట్ సీలో (గేర్‌బాక్స్ ముందు ఆయిల్ ఆపేది), కారుతున్నదేదో మార్చాలి.