మేపుల్ ఫ్రెట్‌బోర్డా, రోజ్‌వుడ్డా: విజయనగరం ఉక్కలో ఏళ్ల తరబడి వాయించాక

సూటిగా చెప్పేస్తాను, ఎలక్ట్రిక్ గిటార్‌కి ఫ్రెట్‌బోర్డ్ (నెక్, అంటే మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) చెక్కని సౌండ్ చూసి కాదు, మీ వేళ్లకి పట్టే చెమట చూసి ఎంచుకోండి. నా దగ్గర స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్లు రెండున్నాయి, ఒకటి మేపుల్, ఒకటి రోజ్‌వుడ్. రెండూ ఏళ్లుగా పెళ్లిళ్లలో, పైడితల్లమ్మ పండగప్పుడు ఆర్కెస్ట్రాలో మోగుతున్నవే. తీగల సైజు ఒకటే, ఆంప్ ఒకటే.

మేపుల్ సౌండ్ పదునుగా ఉంటుంది, రోజ్‌వుడ్‌ది మెత్తగా ఉంటుంది అని ఎవరినడిగినా చెప్తారు. మొదట్లో నాకూ అలాగే వినిపించేది. తర్వాత ఒకసారి పిక్‌గార్డ్‌లతో (ముందువైపు ప్లాస్టిక్ పలకలతో) సహా పికప్‌లు, అంటే తీగల కింద సౌండ్ పట్టే భాగాలు, అటువి ఇటు, ఇటువి అటు మార్చి బిగించి చూశాను. ఆ పదును కాస్తా రోజ్‌వుడ్ గిటార్‌కి వచ్చేసింది! మిగిలిన తేడా, అసలు ఉందంటే, డ్రమ్స్ మొదలయ్యాక మాకెవరికీ వినపడలేదు.

మా ఊళ్లో ఈ మాటంటే వెంటనే బొబ్బిలి వీణ సంగతి తెస్తారు, పనస చెక్క లేకపోతే వీణకి ఆ నాదం రాదు కదా, గిటార్‌కి మాత్రం చెక్కతో పనిలేదా అని. వీణలో తొలిచిన పనస కుండే గాలిని కదిలించి మనకి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట, అవి పట్టుకునేది ఉక్కు తీగ కదలికని. పైగా తీగ ఆగేది ఫ్రెట్ (లోహపు మెట్టు) మీద, చెక్క మీద కాదు. ఇంకో సంగతి, ఈ తరహా గిటార్లలో పైన రోజ్‌వుడ్ ఉన్నా కింద నెక్ ఎక్కువగా మేపులే. ఏసీ హాల్లోంచి బయట పందిట్లోకి తెస్తే నా రెండు నెక్‌లూ కదులుతాయి, నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ (లోపలి ఇనప కడ్డీ) రెండింటికీ తిప్పాల్సిందే.

చేతికి మాత్రం తేడా బాగా తెలుస్తుంది. పూత లేని మేపుల్ తొందరగా మాసిపోతుంది కాబట్టి పైన లక్కర్ వేసి అమ్ముతారు, మే నెలలో ఆ నున్నటి పూత మీద చెమట చేరిందంటే బెండ్ చేసినప్పుడు (తీగని పక్కకి లాగినప్పుడు) వేలు అతుక్కుంటుంది, విసుగొస్తుంది. రోజ్‌వుడ్‌కి పూత ఉండదు, చెమటని కొంత తాగేస్తుంది, వేలు హాయిగా జరుగుతుంది. దానికి బదులుగా ఫ్రెట్ల పక్కన మట్టి పేరుకుంటుంది, తీగలు మార్చినప్పుడల్లా పాత టూత్‌బ్రష్‌తో తోమి, గిటార్లకని అమ్మే లెమన్ ఆయిల్ రెండు చుక్కలు రాసి తుడవాలి. దయచేసి కొబ్బరినూనె రాయకండి, కొన్నాళ్లకి కంపు కొడుతుంది. మేపుల్‌కి ఈ గొడవ లేదు, గుడ్డతో తుడిస్తే చాలు. కాకపోతే ఫ్రెట్లు అరిగి కొత్తవి వేయించాల్సొస్తే లక్కర్ చెడకుండా చెయ్యాలి కాబట్టి మేపుల్‌కి కూలి ఎక్కువ అడుగుతారు.

సెకండ్‌హ్యాండ్ చూసేవాళ్లకి ఒక మాట. ఫెండర్ 1959లో స్ట్రాట్‌కి రోజ్‌వుడ్ పెట్టిన దగ్గర్నుంచి అది మామూలైపోయింది. 2017 జనవరిలో అంతర్జాతీయ వ్యాపార నిబంధనల్లోకి రోజ్‌వుడ్ జాతులన్నీ చేరాక కంపెనీలు వేరే చెక్కలకి మళ్లాయి, మెక్సికోలో చేసే ఫెండర్లకి పావ్ ఫెర్రో అనే చెక్క వచ్చింది, ఫెండర్‌దే చవక బ్రాండ్ స్క్వైర్ మోడళ్లకి ఇండియన్ లారెల్, అంటే మన ఏజెన్సీ అడవుల్లో కనపడే నల్లమద్దే. పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో సడలింపు ఇచ్చినా ఆ చెక్కలు పూర్తిగా పోలేదు. "రోజ్‌వుడ్ కాదు కదా, తగ్గించి ఇవ్వు" అని బేరమాడటానికి పనికొస్తాయి గానీ వాయించడానికి లోటేం లేదు. మా బావ లారెల్ గిటార్ రంగు కాస్త వెలిసినట్టుంటుంది, నూనె రాస్తే తేరుకుంటుంది. అంతే. ఎబొనీ అనే నల్ల చెక్క నున్నగా, గట్టిగా, ఖరీదుగా ఉంటుంది, దాని కోసమే పరుగెత్తాల్సిన పని లేదు.

మేపులే కావాలంటే రోస్టెడ్ మేపుల్ చూడండి. వేడిలో తేమ లాగేసిన చెక్క కాబట్టి ఉక్కకి అంతగా కదలదు. చాలావాటికి మెరుపు పూత ఉండదు, చేతికి అంటుకోదు. ఈ రోజు కొనాలంటే నేను దానికీ రోజ్‌వుడ్‌కీ మధ్యే తేల్చుకుంటాను. కొట్లో మాత్రం చెక్క పేరు అడిగే ముందు నెక్ పక్కల బొటనవేలు పై నుంచి కింద దాకా జరిపి చూడండి, ఫ్రెట్ల కొసలు గీరుకుంటుంటే అది ఏ చెక్కైనా పక్కన పెట్టేసి ఇంకోటి చూపించమనండి.