సముద్రం దగ్గరుండేవాళ్ళు పాపాయి బండి కొనేముందు ఇది చదవండి

మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు చిన్నబిడ్డలున్న ఇళ్ళవాళ్ళ కోసం రాస్తున్నా. మాది మైపాడు, అలల చప్పుడు ఇంట్లోకి వినపడుద్ది. పాపకిప్పుడు తొమ్మిదో నెల. దసరాకి నెల్లూరులో ఒక షాపులో 7,400 పెట్టి స్ట్రాలర్ కొన్నాం. సంక్రాంతికల్లా దాని బ్రేకు పోయింది. పోయిన సంగతి మాకు తెలిసింది పాప అందులో కూర్చుని ఉండగా!

ఆ సాయంత్రం బీచ్ దగ్గర సిమెంటు రోడ్డు మీద బండి ఆపి, బ్రేకు తొక్కి, పాలసీసా కోసం సంచీలో చెయ్యి పెట్టాను. తొక్కినప్పుడు 'టక్' మని ఎప్పటిలాగే చప్పుడొచ్చింది. తలెత్తి చూసేసరికి బండి వాలులోకి పోతా ఉంది. ఎదురుగా చేపల ఆటో. పండక్కొచ్చిన మా తమ్ముడు పరుగెత్తి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. పాపకేం కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

మర్నాడు మా ఆయన వెనక చక్రం ఊడదీశాడు. బ్రేకు తొక్కితే ఒక చిన్న పిన్ను వెళ్ళి చక్రం గాడిలో పడాలి. దాన్ని తోసే స్ప్రింగు ఎర్రగా తుప్పుపట్టి, వేలితో నొక్కితే పొడిగా రాలింది. గాడుల నిండా ఇసుక ముద్ద. కిర్రుమంటోందని అంతకుముందు నూనె వేశాం, ఆ జిడ్డుకే ఇసుకంతా పట్టుకుంది.

కొనేటప్పుడు షాపాయన "అల్యూమినియం మేడం, తుప్పు మాటే ఉండదు" అన్నాడు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఫ్రేముకి పెడితే గట్టిగా అతుక్కుంది. అల్యూమినియానికి అయస్కాంతం అతకదు. అది వెండి రంగు కొట్టిన ఇనుము. షాపుకి తీసుకుపోతే వారంటీ కార్డు వెనక చీమతలకాయంత అక్షరాలు చూపించారు: తుప్పుకి, ఇసుకకి వారంటీ లేదట. మైపాడులో వాడతామని నేను రెండుసార్లు చెప్పాను. అప్పుడెవరూ ఆ కార్డు తిప్పి చూపించలేదు. 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. బిల్లు దాచాం కాబట్టి ఆ మాత్రమన్నా చేయగలిగాం.

ఇసుకలోకి దించకపోతే ఏం కాదులే అనుకోవద్దు. మా బండి ఎక్కువగా వరండాలోనే ఉండేది. "ఉప్పుగాలికి గేట్లే నిలవడం లేదమ్మాయ్, ఈ పుల్లల బండి ఎట్ట నిలుస్తుంది" అంది మా అత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, ఆ చెమ్మ కూడా తోడైంది.

కొనబోయేవాళ్ళు సంచీలో అయస్కాంతం వేసుకుని వెళ్ళండి. ఫ్రేము నిజంగా అల్యూమినియమే అయినా ఇరుసులు, స్క్రూలు, స్ప్రింగులు ఇనుమే ఉండొచ్చు, చక్రం ఊడదీసి చూపించమనండి. షాపులో నున్నటి టైల్స్ మీద ఏ బండైనా జారిపోతుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. చిన్న ప్లాస్టిక్ జంట చక్రాలు పొడి ఇసుకలో కూరుకుపోతాయి. మేం బండినీ బిడ్డనీ కలిపి పల్లకీలా మోసుకొచ్చిన రోజులున్నాయి. గాలి టైర్లుండి, 12 అంగుళాలు తగ్గని పెద్ద చక్రాలు నయం. ముందు చక్రం తిరగకుండా లాక్ చేసే వీలుండాలి. బెల్టు భుజాల మీదుగా వచ్చేది కావాలి. ఎండగా ఉందని బండి మీద పంచె, దుప్పటి కప్పొద్దు, లోపల గాలాడక బిడ్డ ఉడికిపోతుంది.

బీచ్ నుంచి రాగానే చక్రాలు మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే మడవండి. నూనె బదులు సిలికాన్ స్ప్రే వాడండి.

ఇప్పటికే బండి ఉన్నవాళ్ళు ఇవాళే బిడ్డని దించి, పది కిలోల బియ్యం సంచీ పెట్టి, వాలు మీద బ్రేకు వేసి చూడండి. వేలెడు కదిలినా మళ్ళీ బిడ్డని అందులో కూర్చోబెట్టొద్దు.